న్యూయార్క్‌లో కందుల అన్నం

అమెరికా వెళ్ళొచ్చామని తెలిస్తే చాలు, ఎవరైనా అడిగే ప్రశ్నలు రెండే. నయాగరా చూశారా? స్టాట్యూ ఆఫ్ లిబర్టీ ఎక్కారా? రెండూ చూశాను. ఫోటోలు కూడా ఉన్నాయి. ఇంటికి ఎవరొచ్చినా మావారు అడక్కుండానే తీసి చూపిస్తారు. కానీ ఇప్పుడు మీకు చెప్పాలనుకున్నది ఒక చిన్న హోటల్ గురించి. ఎనిమిది బల్లలు, గోడకి ఒక టీవీ, ఒక గాజు కౌంటరు, అంతే. అలాంటి హోటళ్ళు ఆ పేటలో వీధికి రెండున్నాయి.

మా చెల్లెలు న్యూయార్క్‌లో ఒక పెద్దాసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. 2023లో ఉగాది వెళ్ళిన రెండు రోజులకి బయల్దేరి వెళ్ళి నెలన్నర దాని దగ్గర ఉండి వచ్చాను. అదుండే పేటని వాషింగ్టన్ హైట్స్ అంటారు. సినిమాల్లో చూపించే అద్దాల మేడలన్నీ మాన్‌హాటన్ దీవి కింది కొసనా నడుమనా ఉంటాయి. ఈ పేట పై కొసన, గుట్టల మీద ఉంది. అన్నీ ఇటుక గోడల ఐదారంతస్తుల పాత ఇళ్ళు, ముందు గోడలకి ఇనప మెట్లు. పడమటి పక్క హడ్సన్ నది, దాని మీద 1931లో తెరిచిన జార్జ్ వాషింగ్టన్ వంతెన. గుట్టలు కాబట్టి భూమి లోపల నడిచే రైలు ఇక్కడ మరీ లోతున పోతుంది. 191వ వీధి స్టేషనైతే 180 అడుగుల లోతట! న్యూయార్క్ మొత్తమ్మీద అంతకన్నా లోతైన స్టేషన్ లేదు. లిఫ్టులో పైకి రావాలి. బావిలోంచి చేద పైకొచ్చినట్టే అనుకోండి.

బైటికొచ్చాక ఇంగ్లీషు వినబడితే ఒట్టు. అంతా స్పానిష్. కొట్ల మీద బోర్డులు స్పానిష్, పాటలు స్పానిష్, తోపుడుబండి మీద మామిడికాయ ముక్కలమ్మే ఆవిడ పిలుపూ స్పానిషే. ఎందుకంటే ఈ పేట నిండా డొమినికన్ రిపబ్లిక్ నుంచి వచ్చినవాళ్ళే. పెద్దవీధి సెయింట్ నికొలస్ అవెన్యూకి వాళ్ళ దేశ స్థాపకుడు హువాన్ పాబ్లో దువార్తె పేరు కూడా పెట్టుకున్నారు.

ఆ దేశం ఎక్కడుందో నాకూ వెళ్ళేదాకా తెలియదు. క్రికెట్ పుణ్యమా అని మనకి వెస్టిండీస్ తెలుసు కదా, ఆ సముద్రంలోనే హిస్పానియోలా అని ఒక దీవి. పడమటి ముక్క హైతీ, తూర్పు ముక్క డొమినికన్ రిపబ్లిక్. తెలంగాణలో సగం కూడా ఉండదు. మన దేశానికని బయల్దేరిన కొలంబస్ 1492లో చేరింది ఆ చుట్టుపక్కల దీవులకే. తర్వాత స్పెయిన్ వాళ్ళు చెరుకు తోటలు వేసి ఆఫ్రికా నుంచి మనుషుల్ని ఓడల్లో కట్టేసి తెచ్చారు. 1844 ఫిబ్రవరి 27న హైతీ నుంచి విడిపడి స్వతంత్ర దేశమైంది. 1930 నుంచి 1961 దాకా త్రుహీయో అనే నియంత ఏలాడు, ఎవర్నీ దేశం దాటనిచ్చేవాడు కాదట. అతన్ని చంపేశాక గేట్లు తెరుచుకున్నాయి. 1965లో అమెరికా తన వలస చట్టాన్ని మార్చింది. మనవాళ్ళు డాక్టర్లుగా, ఇంజనీర్లుగా అమెరికా వెళ్ళడం ఎక్కువైంది కూడా ఆ చట్టం తర్వాతే. చరిత్ర ఇంతటితో చాలు, భోజనానికి వద్దాం.

మా చెల్లెలు నన్ను తీసుకెళ్ళింది శుక్రవారం. శుక్రవారం నేను నీచు ముట్టను. "అక్కా, ఏం ఫికర్ చెయ్యకు, ఇది వాళ్ళకి ఉపవాసాల కాలం. ఈస్టర్ ముందు శుక్రవారాలు వాళ్ళు కూడా మాంసం తినరు" అంది. అయినా నా అనుమానం నాది. లోపలికి వెళ్తూనే అది నాకు రెండు మాటలు నేర్పింది. రెస్ అంటే గొడ్డుమాంసం, సెర్దో అంటే పంది. ఆ రెండూ వినబడితే తల అడ్డంగా ఊపు, మిగతావి నేను చూసుకుంటానంది. కోడిని పొయ్యో అంటారు. నాకు పొయ్యి గుర్తొచ్చి నవ్వొచ్చింది.

ఇలాంటి హోటల్‌ని వాళ్ళు కొమెదోర్ అంటారు. భోజనాల గది అని అర్థం. మన మెస్ లాంటిదే. గాజు కౌంటరు వెనక ఆవిరి మీద పెద్ద పెద్ద ట్రేలు, వాటి వెనక మందపాటి అల్యూమినియం గిన్నెలు. ఆ గిన్నెని కాల్దెరో అంటారు, మన పెళ్ళిళ్ళ వంటగుండులో పావు వంతుంటుంది. టీవీలో బేస్‌బాల్ ఆట నడుస్తోంది. గోడ మీద బాల యేసుని చూస్తున్న మేరీమాత పటం, ఆమెని ఆల్తాగ్రాసియా అంటారు, ఆ దేశానికి ఇలవేల్పు లాంటిది. పటం ముందు కొవ్వొత్తి, ప్లాస్టిక్ పూలు. వంటావిడకి అరవై దాటి ఉంటాయి. తలకి వల కట్టుకుని, చేతిలో గరిటెతో అందర్నీ "మి అమోర్" అని పిలుస్తోంది. నా బంగారం అన్నట్టు. మా చెల్లెల్ని మాత్రం "మిహా" అంది. అంటే నా కూతురా అని. ఇది ఆవిడని దోన్యా అంటుంది. మనం అమ్మగారూ అన్నట్టు.

వాళ్ళ రోజువారీ భోజనాన్ని జెండా అంటారు, లా బందేరా. తెల్లన్నం, ఎర్ర బీన్స్ పులుసు, ఏదో ఒక మాంసం కూర. పక్కన ఆకుకూరల పచ్చిముక్కలు. అన్నం వండే పద్ధతిలోనే నూనె, ఉప్పు పడతాయి. కోడికూరకి ముందు నూనెలో చక్కెర వేసి మాడీ మాడనట్టు ఎర్రగా కరిగించి అందులో ముక్కలు వేస్తారు, రంగు అందుకే. పొద్దున పూట మంగూ అని పచ్చి అరటికాయ ఉడకబెట్టి మెత్తగా మెదిపి, పైన వెనిగర్‌లో మగ్గిన ఎర్ర ఉల్లిపాయలు వేసిస్తారు. అరటికాయనే బిళ్ళలు కోసి ఒకసారి వేయించి, తీసి అదిమి, మళ్ళీ వేయిస్తే తొస్తోనెస్. ఇవి మన పిల్లలకి చేసిపెట్టండి, చిప్స్ మరిచిపోతారు. పండగలకి సాంకోచో అని ఒక పులుసు. రకరకాల మాంసాలతో పాటు కర్రపెండలం, చేమదుంప జాతి దుంప, మొక్కజొన్న కండె, గుమ్మడికాయ అన్నీ పడతాయి. కర్రపెండలం అంటే మన సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం మిల్లులకి పోయే దుంప. వాళ్ళు దాన్ని అన్నంలాగా తినేస్తారు. కారం మాత్రం అడక్కండి. ఉల్లి, వెల్లుల్లి, కాప్సికం లాంటి మిరప, కొత్తిమీర, ఒరెగానో... వాసన గుమ్మంటుంది, నాలుక మాత్రం చురుక్కుమనదు. నాకైతే రెండో ముద్దకే ఆవకాయ గుర్తొచ్చింది.

తాగడానికి ఒకటి తెచ్చారు, చెప్పొద్దూ, గ్లాసు చూడగానే నాకు భయం వేసింది. నారింజ రసంలో పాలు! విరక్కుండా ఎలా ఉన్నాయి అంటే, రెండూ ఐసులా చల్లగా ఉండాలట, చక్కెర ముందే కలపాలట, పాలు కొంచెం కొంచెంగా పోస్తూ గబగబా తిప్పాలట. చేసిన వెంటనే తాగెయ్యాలి. దాని పేరు మొరీర్ సోన్యాందో, కలగంటూ చచ్చిపోవడం అని అర్థం. ఇంత తియ్యటిదానికి అలాంటి పేరేమిటో!

ఇక అసలు సంగతి. కౌంటర్లో ఒక గిన్నె మూత తీసింది ఆవిడ. గోధుమరంగు అన్నం, మధ్య మధ్య ఆకుపచ్చ గింజలు. కొబ్బరిపాల వాసన. ఏమిటవి అన్నాను. చెల్లెలు నవ్వి, "నువ్వే చూడు" అంది. ఒక గింజ తీసి వేళ్ళ మధ్య నలిపాను. కందులు! పచ్చి కందులు!

మాది తాండూరు. మా నల్లరేగడిలో పండే కందిపప్పుకి దేశమంతా పేరుంది, 2022లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. కంది కట్టెతో పొయ్యి వెలిగించి, కంది పొరకతో వాకిలి ఊడ్చి పెరిగిన మనుషులం. అలాంటి నేను సముద్రాలు దాటి వెళ్ళి, ముక్కూ మొహం తెలియని ఆవిడ గిన్నెలో కందులు చూశాను. వాటిని వాళ్ళేమంటారో తెలుసా? గ్వాందూలెస్! ఒక్క గింజైతే గ్వాందుల్. మన కందులు అన్నట్టే లేదూ? ఊరికే కుదిరిన పోలిక కాకపోవచ్చు సుమా. ఆ మాట ఆఫ్రికాలో కాంగో వాళ్ళ వాందు నుంచి వచ్చిందనీ, ఆ వాందు మన కంది నుంచే పోయిందనీ భాషలు చదివినవాళ్ళు కొందరంటారట. కందికి పుట్టిల్లు మన దేశమే కదా. ఇక్కడి నుంచి ఆఫ్రికాకి, ఆఫ్రికా నుంచి ఆ బానిసల ఓడల కాలంలో ఈ దీవులకి చేరింది. పేరు కూడా గింజతో పాటు మూటలో కట్టుకుని పోయినట్టుంది.

నా ఫోన్లో మా పొలం ఫోటో ఉంది, పూత మీదున్నప్పుడు మా అబ్బాయి తీసింది. ఆవిడకి చూపించాను. కళ్ళజోడు తుడుచుకుని చూసి, "గ్వాందుల్! గ్వాందుల్!" అని లోపలున్న కుర్రాణ్ణి కేకేసి పిలిచింది. ఆ పసుపు పువ్వు మీద వేలు పెట్టి ఏదేదో చెప్పింది. చెల్లెలు తెలుగులో చెప్పింది. ఆవిడది శాన్ హువాన్ లోయట, బీన్స్‌కీ కందులకీ పేరున్న చోటు. వాళ్ళమ్మ కంచె పొడుగునా కంది వేసేదట. ఒలవడం పిల్లల పని, గోళ్ళు నల్లబడేవట. నేను నా గోళ్ళు చూపించి తలూపాను. ఇద్దరు ఆడవాళ్ళకి కందికాయలు ఒలిచిన సంగతి చెప్పుకోవడానికి భాష ఎందుకు!

ఆ గింజలు నములుతుంటే మా చెల్లెలు ఉన్నట్టుండి, "అక్కా, ఆ కిటికీ చూసినవా" అంది. కౌంటరు పక్కన వీధిలోకి ఒక చిన్న కిటికీ.

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. మా అమ్మ 2020 ఏప్రిల్‌లో పోయింది. కరోనా కాదు, గుండె. లాక్‌డౌన్ రోజులు. చివరి చూపుకి ఇరవై మందికి మించి రాకూడదన్నారు. మేం తొమ్మిది మందిమే ఉన్నాం. విదేశాల విమానాలు మార్చిలోనే ఆగిపోయాయి. చెల్లెలు ఫోన్లో చూసింది. బొమ్మ ఆగి ఆగి వచ్చింది, పాడె లేచే వేళకి పూర్తిగా ఆగిపోయింది. వాళ్ళాయన ఉద్యోగం అప్పుడు డల్లాస్‌లో. ఇది న్యూయార్క్‌లో ఒక్కతే, ఆసుపత్రిలో పగలూ రాత్రీ డ్యూటీలు. తర్వాత 2022లో ఇంటికొచ్చి రెండు వారాలుంది. అమ్మ గది గడప తొక్కలేదు. నేను అమ్మ మాటెత్తితే లేచి వెళ్ళి టీ పెట్టేది. ఫోన్లో అయితే "డ్యూటీకి లేటయింది" అనేది. ఒక్క తల్లి పిల్లలం, మా మధ్య మూడేళ్ళు అలా గడిచాయి. నేను అమెరికా వెళ్ళింది నయాగరా కోసం కాదు.

ఆ మార్చిలో న్యూయార్క్ హోటళ్ళలో కూర్చుని తినడం ఆపేశారు. ఆ కిటికీలోంచి డబ్బాలు అందించేవాళ్ళు. చెల్లెలు రాత్రి డ్యూటీ దిగి రోజూ అక్కడే కొనుక్కునేది. అమ్మ పోయిన మర్నాడు పొద్దున కూడా వెళ్ళి కిటికీ ముందు నిలబడిందట. ఏం కావాలో చెప్పడానికి మాట రాలేదు. ఆవిడ రెండుసార్లు అడిగింది. దీనికొచ్చిన నాలుగు స్పానిష్ ముక్కల్లో "మి మమా" అని, చెయ్యి ఆకాశం వైపు చూపించిందట. మాంసం వద్దు అన్నది ఇంకో మాట. అంతే.

ఆ సాయంత్రం నుంచి తొమ్మిది రోజులు, రోజుకో డబ్బా, కుర్రాడు తెచ్చి తలుపు ముందు పెట్టి బెల్లు కొట్టి వెళ్ళిపోయేవాడట. వాళ్ళలో చావు జరిగిన ఇంట తొమ్మిది రాత్రులు జనం చేరి ప్రార్థన చేస్తారు, వచ్చినవాళ్ళకి కాఫీ, భోజనం ఉంటుంది. మనింట్లో అలాంటప్పుడు పొయ్యి వెలిగించం, చుట్టుపక్కలవాళ్ళే వండి తెస్తారు కదా. పరాయి దేశంలో, ఆ రోజుల్లో, మా చెల్లెలింటికి ఎవరూ తేలేరనే మేమిక్కడ కుమిలిపోయాం. తెచ్చిందెవరో మూడేళ్ళకి తెలిసింది నాకు.

"ఐదో రోజు ఈ అన్నమే వచ్చింది అక్కా. మూత తీసేసరికి కందులు. అమ్మ చేసే గుడాలే అనిపించింది. అప్పుడొచ్చింది ఏడుపు. అప్పటిదాకా రాలేదు" అంది. చెంచాతో గింజల్ని పళ్ళెంలో ఒక పక్కకి తోసి, మళ్ళీ నడుమకి తెచ్చింది. "తొమ్మిది రోజులూ పైస తీసుకోలే. పదో రోజు నేను పోతే మామూలుగా బిల్లు ఇచ్చింది."

ఆవిడ వంటింట్లోకి వెళ్ళాక ఇంకో సంగతి మెల్లగా చెప్పింది. ఆ నెలలోనే ఆవిడ అన్నగారు కూడా పోయాడట. నలుగురూ చేరడానికి లేని రోజులు కాబట్టి ఆయనకి తొమ్మిది రాత్రులు జరగలేదు. ఆ సంగతి ఆవిడ చెప్పలేదు, ఏడాది తర్వాత కుర్రాడు చెప్పాడట.

నేనేం మాట్లాడలేకపోయాను. కాసేపటికి అమ్మ గుడాల్లో వేసే ఎల్లిపాయ కారం గురించి అడిగింది. చెప్పాను. అమ్మ చివరి రోజుల్లో ఏం తిన్నది, ఎవరిని తలుచుకున్నది, పచ్చచీర ఎవరికిచ్చాం, అన్నీ అడిగింది. ఆ ప్లాస్టిక్ కుర్చీల్లో రెండు గంటలు కూర్చున్నాం. ఎవరూ లేవమనలేదు. మధ్యలో ఆవిడ వచ్చి అడగకుండానే ఒక చిన్న ప్లేటు పెట్టి వెళ్ళింది. అన్నం గిన్నె అడుగున కట్టిన మాడు! దాన్ని కొంకోన్ అంటారు. మనం గీకి పని మనిషికి కూడా పెట్టడానికి మొహమాటపడేది, వాళ్ళు నచ్చినవాళ్ళకి దాచి పెడతారు. కరకరలాడుతూ, కొబ్బరి వాసనతో ఉంది. నిజం చెప్పాలంటే మొత్తం భోజనంలో నాకు నచ్చింది అదే.

చివర్లో ఒక కప్పులో పాయసం. ఎర్ర బీన్స్‌తో! రాజ్మాతో పాయసమేమిటని నేను చెంచా పట్టుకుని ఆలోచిస్తుంటే చెల్లెలు, "శనగపప్పుతో పూర్ణం చెయ్యమా మనం" అంది. నిజమే కదా. బీన్స్ ఉడికించి రుబ్బి వడకట్టి, కొబ్బరిపాలు, ఆవుపాలు, చక్కెర, చిలగడదుంప ముక్కలు, లవంగం, దాల్చినచెక్క, కిస్‌మిస్ వేసి చిక్కగా కాస్తారు. పైన చిన్న పాలబిస్కెట్లు తేలుతుంటాయి. ఈస్టర్ ముందు నెలన్నరే చేస్తారు, చేస్తే గుండెడు చేసి ఇరుగూ పొరుగూ అందరికీ పంచుతారు. మనం ఉగాది పచ్చడి గిన్నెలు ఇంటింటికీ పంపినట్టు. దానికి మాత్రం ఆవిడ డబ్బు తీసుకోలేదు. మిగతా భోజనం ఇద్దరికీ ముప్పై డాలర్ల లోపే. రూపాయల్లో లెక్కేస్తే గుండె గుభేలుమంటుంది కానీ, ఒక్కో పళ్ళెం ఇద్దరికి సరిపోతుంది. మిగిలింది డబ్బాలో కట్టించుకుని రాత్రికి తిన్నాం.

నాలుగు రోజులాగి మళ్ళీ వెళ్ళాను. ఈసారి నేను తీసుకెళ్ళిన కందిపొడి, ఒక జాకెట్టుగుడ్డ పట్టుకెళ్ళాను. "జాకెట్టుగుడ్డ ఆమె ఏం చేసుకుంటదక్కా" అని చెల్లెలు నవ్వింది. ఉత్త చేతులతో ఎలా వెళ్తాం! బొట్టు పెడతానంటే ఆవిడ నుదురు ముందుకి వంచింది. కందిపొడి చెంచాడు నోట్లో వేసుకుని, కళ్ళ నీళ్ళు పెట్టుకుని, రెండు గ్లాసుల నీళ్ళు తాగి, ఇంకో చెంచా అన్నంలో కలుపుకుంది! ఆ మరుసటి వారం వెళ్ళేసరికి జాకెట్టుగుడ్డ మేరీమాత పటం కింద పరిచి ఉంది, దాని మీద కొవ్వొత్తి.

ఆ అన్నం ఆవిడ దగ్గర నేర్చుకుని వచ్చి ఇక్కడ చేశాను, మీరూ చెయ్యండి. పేరు మోరో దె గ్వాందూలెస్. రెండు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు పచ్చి కందులు. కందుల్ని కాస్త ఉప్పు వేసి మెత్తబడేదాకా ఉడికించి, ఆ నీళ్ళు పారబోయకండి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో నాలుగు చెంచాల నూనె కాచి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, ఆరు వెల్లుల్లి రెబ్బలు, ఒక కాప్సికం, గుప్పెడు కొత్తిమీర కచ్చాపచ్చాగా దంచి వెయ్యండి. వాళ్ళు టమాటా గుజ్జు వేస్తారు, నేను రెండు టమాటాలు వేశాను. ఒరెగానో దొరక్కపోతే చిటికెడు వాము నలిపి వెయ్యండి, వాసన దగ్గరగా ఉంటుంది. కందులు వేసి వేగనిచ్చి, ఒక గ్లాసు చిక్కటి కొబ్బరిపాలు, కందులు ఉడికిన నీళ్ళతో కలిపి మూడు గ్లాసుల నీళ్ళు పోసి, ఉప్పు వేసి, తెర్లాక కడిగిన బియ్యం వెయ్యండి. నీళ్ళు ఇగిరి బియ్యం పైకి తేలగానే ఒకసారి కలిపి, మూత బిగించి, సన్నటి సెగ మీద ఇరవై నిమిషాలు ఉంచండి. మధ్యలో ఒక్కసారి కిందా మీదా తిప్పితే చాలు. కుక్కర్లో పెట్టకండి, అడుగు కట్టదు. మావారికి కారం లేనిదే ముద్ద దిగదు కాబట్టి నేను నాలుగు పచ్చిమిర్చి కూడా చీరి వేస్తాను, ఆవిడకి చెప్పలేదు లెండి. పచ్చి కందులు సంక్రాంతి రోజుల్లో బాగా దొరుకుతాయి. మిగతా రోజుల్లో అయితే ఎండు కందులు రాత్రంతా నానబెట్టి, రెండు విజిల్స్ ఎక్కువ రానివ్వండి.